అటక మీది సుత్తులు

ప్రశ్న: నాకు 30 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో ఎనిమిదేళ్లుగా పిల్లల సీరియల్స్‌కి క్యారెక్టర్ యానిమేషన్ చేస్తున్నాను. అమ్మ వాళ్ల నాన్న, అంటే మా తాతయ్య, ఇత్తడి పని చేసేవారు. ఆయన పోయాక సుత్తులు, ఉలులు అటక మీద ఉండిపోయాయి. రెండేళ్ల కిందట వాటిని దింపి రాగి రేకు మీద, ఇత్తడి మీద చిన్న చిన్న పనులు మొదలుపెట్టాను. కామిక్ కాన్ (కామిక్స్, సినిమా, గేమ్ పాత్రల వేషాలతో అభిమానులు కలిసే మేళా) కోసం వేషాలు, కవచాలు కూడా చేస్తాను. ఇవి కాక నాలుగేళ్లుగా ఒక గేమ్ చేస్తున్నాను. పన్నెండు లెవల్స్ అనుకున్నాను, ఒక్కటీ పూర్తి కాలేదు. హీరోయిన్ మోడల్‌ని మాత్రం ఆరుసార్లు మార్చాను. కింది ఫ్లాట్ వాళ్లు చప్పుడు గురించి గొడవ చేస్తున్నారు. అమ్మ అయితే, "మా నాన్న చేతిలోంచి సుత్తి దింపడానికే నిన్ను చదివించాం, నువ్వు మళ్లీ ఎత్తుకున్నావా" అని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఫ్రెండ్స్ ఏదో ఒక్కదాని మీదే ఫోకస్ పెట్టమంటారు, ఇంకొందరు వేషాలు ఆర్డర్ మీద చేసి అమ్ముకోమంటారు. ఏడాదికి సరిపడా డబ్బు దాచాను, ఉద్యోగం మానేసి గేమ్ పూర్తి చేద్దామా అని కూడా అనిపిస్తోంది. ఈ మధ్య మా లీడ్ నా షాట్ చూసి "బరువు బాగా తెలుస్తోంది" అన్నారు, ఆఫీసులో అదొక్కటే సంతోషం. అన్నీ సగం సగం అవుతున్నాయని టెన్షన్‌గా ఉంది. నేను ఏది వదులుకోవాలి?

— పేరు రాయవద్దన్న పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం:

ఏది వదులుకోవాలి అన్నది మీ ఉత్తరంలో చివరి మాట. దాని దగ్గరికి తర్వాత వస్తాను. అంతకుముందు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన సంగతి ఒకటుంది. మీ లీడ్ మీ షాట్‌లో బరువు తెలుస్తోంది అన్నారు. ఆ బరువు ఎక్కడి నుంచి వచ్చిందో మీరు ఆలోచించినట్టు లేదు.

నేను లైట్‌బాక్స్ మీద కాగితాలు పేర్చుకుని ఇన్‌బిట్వీన్లు, అంటే రెండు ముఖ్యమైన భంగిమల మధ్య వచ్చే బొమ్మలు, గీసిన కాలం దాన్ని. అప్పుడైనా ఇప్పుడైనా మా పనిలో అన్నిటికంటే కష్టమైనది బరువు చూపించడమే. తెర మీద దేనికీ బరువుండదు కదా. బండరాయికీ దూదిపింజకీ తేడా అంతా మనం పెట్టే టైమింగ్‌లోనే ఉంటుంది. సుత్తి దెబ్బనే తీసుకోండి. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని యానిమేట్ చేస్తే చెయ్యి సుత్తిని కిందికి తోస్తున్నట్టు ఉంటుంది. నిజంగా పని చేసేవాళ్లు తోయరు. సుత్తిని పైకి తీసుకెళ్లి వదులుతారు, దిగేటప్పుడు మణికట్టు దారి చూపిస్తుంది, అంతే. రేకును తాకగానే సుత్తి దానంతట అదే ఎగురుతుంది. ఆ ఎగురును పట్టుకుని తర్వాతి దెబ్బకు వాడుకుంటారు కాబట్టే పొద్దంతా కొట్టినా చెయ్యి పడిపోదు. సెకనుకు 24 ఫ్రేములైతే దెబ్బ తగిలేది ఒక్క ఫ్రేములో. మిగతా కథంతా దానికి ముందూ వెనకా ఉంటుంది.

ఈ సంగతి నాకు ఏ క్లాసులోనూ తెలియలేదు. చాలా ఏళ్ల కిందట స్కెచ్‌బుక్ పట్టుకుని పెంబర్తి వెళ్లాను. వరంగల్ దారిలో, జనగామ దాటకముందే వస్తుంది. కాకతీయుల కాలం నుంచి ఇత్తడి రేకు పనికి పేరున్న ఊరు. ఒక పెద్దాయన లక్క మీద రేకు అతికించుకుని నగిషీ చెక్కుతున్నారు. ఎడమ చేతిలో ఉలి, కుడి చేతిలో చిన్న సుత్తి. రెండు గంటలు ఆయన ఎదురుగా కూర్చుని గీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే నేను గీసిన ప్రతి బొమ్మలోనూ ఆయన కళ్లు సుత్తి వైపు ఉన్నాయి. ఆయన మాత్రం ఒక్కసారి కూడా సుత్తి వైపు చూడలేదు! చూపంతా ఉలి మొన మీదే. ఎడమ చేతి చిటికెన వేలు రేకుకు ఆనించి ఉంచారు, ఆ వేలే ఆయనకు కొలబద్ద. నేను చూసింది గీయలేదు, నాకు తెలుసనుకున్నది గీశాను. మళ్లీ వారం వెళ్లి సరిచేసుకున్నాను.

మీరు రెండేళ్లుగా ఆ ఉలి పట్టుకుంటున్నారు. మీ షాట్‌లోకి బరువు వచ్చిందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

అందుకని ముందు ఒక మాట ఖాయంగా చెబుతాను. మీరు మూడు పడవల్లో కాళ్లు పెట్టలేదు. కవచం కట్టుకుని చెయ్యి పైకెత్తి చూసినప్పుడు, భుజం దగ్గర అది ఎక్కడ అడ్డుపడుతోందో మీ ఒంటికి తెలుస్తుంది. ఆ తెలిసింది రేపు క్యారెక్టర్ రిగ్‌లో, అంటే బొమ్మ కదలడానికి లోపల కట్టే ఎముకల అమరికలో, పనికొస్తుంది. గేమ్‌లో అయితే ఆ చెయ్యి కదిపే హక్కు ఆడేవాళ్లకి ఇస్తున్నారు. కదలిక మీద మోజే మీ చేత ఈ మూడూ చేయిస్తోంది. మన తోలుబొమ్మలవాళ్లకు ఇది వింతగా తోచదు. నిమ్మలకుంటలో ఇవాళ్టికీ తోలు శుభ్రం చేసి, బొమ్మ గీసి, రంధ్రాలు కొట్టి, రంగులద్ది, కాళ్లూ చేతులూ విడివిడిగా కోసి కీళ్ల దగ్గర దారంతో ముడివేస్తారు. తోలు పని, నగల డిజైను, రిగ్గింగు, యానిమేషను అన్నీ ఒకే ఇంట్లో జరుగుతాయి. దాన్ని నాలుగు ఉద్యోగాలుగా చీల్చింది మన స్టూడియోలు.

అయితే మూడూ ఉంచుకోవచ్చంటే మూడూ ఇప్పుడున్నట్టే సాగించమని కాదు. మూడింటికీ ఒకే తూకం వేయొద్దు. ఒక్కొక్కటి చూద్దాం.

గేమ్ నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా తినేస్తున్నది అదే. పన్నెండు లెవల్స్ ఆపేయండి. గట్టిగానే చెబుతున్నాను. నాలుగేళ్లలో ఒక్క లెవెల్ కూడా కాలేదంటే మీకు శ్రద్ధ లేక కాదు, ఆఫీసులో అలవాటైన పద్ధతి ఇక్కడ పనికిరాక. ఆఫీసులో మీ చేతికి రిగ్ వచ్చేసరికి స్క్రిప్టు, స్టోరీబోర్డు, ఆడియో అన్నీ ఖరారై ఉంటాయి. బొమ్మను అందంగా చేయడమే మీ వంతు. గేమ్‌లో ఆ ముందు పనులేవీ జరగలేదు, మీరు మాత్రం అలవాటు కొద్దీ బొమ్మ నుంచి మొదలుపెట్టారు. ఆరుసార్లు మార్చిన హీరోయిన్‌కి చేయాల్సిన పనే ఇంకా దొరకలేదు. ఆర్టిస్టులు సొంత గేమ్ చేసినప్పుడు ఎక్కువగా పడే గుంట ఇదే.

ఒక నెల హీరోయిన్ ఫైలు తెరవకండి. గేమ్ కట్టే సాఫ్ట్‌వేర్‌ని ఇంజిన్ అంటారు. గోడో అనే ఇంజిన్ ఉచితంగా దొరుకుతుంది, కొనే ఖర్చు లేదు. మీకిప్పటికే యూనిటీ అనే ఇంజిన్ అలవాటుంటే అందులోనే చేయండి, ఇంజిన్ మార్చడం కూడా ఒక వాయిదా పద్ధతే. బూడిద రంగు డబ్బాలతో, ఏ బొమ్మా లేకుండా, పది నిమిషాల్లో ముగిసే ఆట చేయండి. డబ్బా గెంతుతుంటే ఆడేవాళ్లకి ఇంకోసారి గెంతాలనిపించాలి. అనిపించకపోతే ఎంత మంచి మోడల్ తొడిగినా అనిపించదు. డబ్బాతో ఆట కుదిరాక అప్పుడు పిలవండి మీ హీరోయిన్‌ని.

ఆస్ట్రేలియాలో ఇద్దరు ముగ్గురు కూర్చుని చేసిన హాలో నైట్ అనే గేమ్ 2017లో వచ్చింది. బొమ్మలన్నీ గీసిన ఆరీ గిబ్సన్ మీలాగే యానిమేటర్. అంత పెద్ద ఆటకు మొదటి విత్తు 2013లో ఒక గేమ్ జామ్ (గడువు పెట్టి ఆట కట్టే పోటీ) కోసం కొద్ది రోజుల్లో కట్టిన చిన్న ఆట. అందులోని చిన్న పురుగు వీరుణ్ణి తీసుకునే తర్వాత ఆ లోకమంతా పెంచారు. మన హైదరాబాద్‌లోనే ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న జట్టు 2017లో అసుర అనే ఆట తెచ్చింది. ఇంత ఊళ్లో గేమ్ చేసేవాళ్లు దొరకరని మాత్రం అనుకోకండి. ప్రతి ఏడూ జనవరిలో గ్లోబల్ గేమ్ జామ్ జరుగుతుంది, 48 గంటల్లో ఆట కట్టాలి. ఒక్కసారి వెళ్లండి. రెండు రోజుల్లో అయిపోయే ఆట ఎంత చిన్నదో చేతికి తెలిస్తే, మీ పన్నెండు లెవల్స్ ఎంత పెద్దవో కూడా తెలుస్తుంది. చేసింది ఇచ్.ఐఓ అనే గేమ్‌ల వెబ్‌సైట్‌లో పెట్టడానికి పైసా ఖర్చు లేదు. స్టీమ్ అనే పెద్ద ఆన్‌లైన్ గేమ్ అంగడిలో అయితే ఒక్కో ఆటకు 100 డాలర్లు కట్టాలి. ఆ మెట్టు ఇప్పుడు అవసరం లేదు.

ఇక ఉద్యోగం మానేయడం. ఇప్పుడు వద్దు. స్టార్డ్యూ వ్యాలీ అనే గేమ్ చేసిన ఎరిక్ బరోన్ కథ మీరూ వినే ఉంటారు. ఒక్కడే దాదాపు నాలుగున్నరేళ్లు కూర్చుని చేశాడు, 2016లో విడుదలై పెద్ద విజయం సాధించింది. ఆ కథ చెప్పేవాళ్లు సగమే చెబుతారు. ఆ ఏళ్లలో అతనికి తోడుగా ఉన్న అమ్మాయి సంపాదన మీద ఇల్లు గడిచింది, అతను కూడా ఒక నాటకశాలలో పార్ట్ టైమ్ పని చేశాడు. మీకు ఏడాది డబ్బుంది అన్నారు. నాలుగేళ్లలో ఒక లెవెల్ కాని ఆటకు ఏడాది సరిపోతుందని దేన్ని చూసి నమ్మాలి? ముందు ఉద్యోగం చేస్తూనే పది నిమిషాల ఆట పూర్తి చేయండి. మీ ముఖం ఎరగనివాళ్లు పదిహేను ఇరవై మంది దాన్ని చివరిదాకా ఆడితే, "ఇంకా ఉందా" అని అడిగితే, అప్పుడు జీతం లేని సెలవు మూడు నెలలు అడగండి. రాజీనామా దాని తర్వాతి మాట. ఆ డబ్బును ముట్టుకోకండి.

ఇక్కడే ఇంకో పని ఉంది, ఈ వారమే చేయాలి. మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి మొత్తం చదవండి. మన కాపీరైట్ చట్టం, 1957లో వచ్చింది, దాని 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు యజమానే. అంటే ఆఫీసు షాట్లు ఆఫీసువే, అందులో తగాదా లేదు. కానీ కొన్ని కంపెనీల కాగితాల్లో ఇంకాస్త ముందుకెళ్లి, ఉద్యోగంలో ఉన్నంత కాలం మీరు ఇంట్లో చేసింది కూడా తమదేనన్నట్టు, లేదా బయట ఏ పనీ చేయకూడదన్నట్టు రాసి ఉంటుంది. అలాంటి వాక్యం ఉంటే ఒక లాయర్‌కి చూపించి, హెచ్.ఆర్.కి మెయిల్ పెట్టి, మీ గేమ్‌కి అనుమతి రాతలో తీసుకోండి. నోటి మాట చాలదు. ఆఫీసు లాప్‌టాప్‌లో, ఆఫీసు సాఫ్ట్‌వేర్ లైసెన్సుతో మీ గేమ్ ఫైలు ఒక్కసారి కూడా తెరవకండి. ఇంట్లో ఉచితంగా దొరికే 3డి సాఫ్ట్‌వేర్ బ్లెండర్ వాడుకోండి. ఇంత జాగ్రత్త ఎందుకంటే నా అనుభవం అలాంటిది. నేను ఐదేళ్లు పని చేసిన ఒక చోట, స్టూడియో మూతపడిన రోజున నా బొమ్మల్లో ఒక్క కాపీ కూడా బయటికి తెచ్చుకునే వీల్లేకపోయింది. తర్వాతి ఉద్యోగానికి చూపించడానికి ఇంటి దగ్గర ఆదివారాలు గీసుకున్న పుస్తకాలే మిగిలాయి. ఉద్యోగం వాటితోనే వచ్చింది.

వేషాల సంగతికి వస్తాను. చేయండి, వేసుకోండి, కామిక్ కాన్‌కి వెళ్లండి. అమ్మకానికి మాత్రం తొందరపడకండి. నేనొకసారి ఒప్పుకున్నాను. ఒక స్కూలు వార్షికోత్సవానికి 14 కిరీటాలు, భుజకీర్తులు. సామాను ఖర్చు లెక్క వేసి దాని మీద కొంచెం కలిపి ధర చెప్పాను. నా గంటలు లెక్క వేయలేదు. మూడోది చేసేసరికి చేతికి పట్టు వచ్చింది, ఏడోది చేసేసరికి అసహ్యం వచ్చింది. ఆఖరి వారం రాత్రి రెండు దాకా అంటించాను. చెప్పిన డబ్బులో సగమే వచ్చింది. అంతకంటే పెద్ద నష్టం, ఆ తర్వాత ఏడాదిన్నర నేను జిగురు డబ్బా మూత తీయలేదు. రోజంతా వేరేవాళ్ల డెడ్‌లైన్‌కి పని చేసి ఇంటికొచ్చే మనిషికి ఇంట్లో కూడా ఇంకొకరి డెడ్‌లైన్ ఉండకూడదు. తప్పదనుకుంటే ఏడాదికి ఒకటో రెండో తీసుకోండి, మొదటి రోజే గంటలు రాసుకోవడం మొదలుపెట్టండి. ఇంకో విషయం, సినిమాల్లో గేముల్లో ఉన్న పాత్రల వేషం మీరు వేసుకుంటే సరదా, అదే ముద్రతో పది చేసి అమ్మితే అది ఇంకొకరి సొత్తుతో వ్యాపారం. సొంతంగా ఊహించిన పాత్రలైతే ఆ చిక్కు లేదు.

కవచాలు దేనితో చేస్తున్నారో రాయలేదు. చేతిలో ఇత్తడి పని ఉంది కాబట్టి నిజం రేకుతో చేయాలని మనసు లాగుతుంది, నాకు తెలుసు. అర మిల్లీమీటరు మందం రేకుతో ఒక్క ఛాతీ ముక్క, అర మీటరు పొడవు, దానికి కాస్త తక్కువ వెడల్పు చేసినా ముప్పావు కిలో దాటుతుంది. భుజాలు, కిరీటం, నడుము పట్టీ కలిపి రోజంతా మోయాలి. మన యక్షగానం వాళ్లు ఈ లెక్క ఎప్పుడో తేల్చేశారు. తేలికపాటి చెక్క మీద బంగారు కాగితం, అద్దం బిళ్లలు అంటిస్తే, దీపాల వెలుగులో బంగారమే. చేర్యాల మాస్కులు చేసేవాళ్లు కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో ముఖం తీరుస్తారు. చేతికి బరువుండదు, చూపుకు నిండుగా ఉంటుంది. మీ కవచం పెద్ద భాగాలు ఈవీఏ ఫోమ్ (తేలికైన, వంగే ప్లాస్టిక్ స్పాంజి) షీటుతో చేసి, కంటికి దగ్గరగా వచ్చేచోట, గుండె మీది పతకమో, తలపాగా మీది తురాయో, ఒక్కటే నిజం ఇత్తడిది పెట్టండి. పక్కనున్న ఫోమ్ కూడా లోహమేననిపిస్తుంది. ఫోమ్‌ని రంగు వేయడానికి ముందు హీట్ గన్‌తో ఒకసారి వేడి చూపిస్తే పైన ఉన్న సన్న రంధ్రాలు మూసుకుంటాయి, రంగు పీల్చదు.

ఆ చిన్న ఇత్తడి ముక్కను స్కాన్ చేసి గేమ్‌లో టెక్స్చర్‌గా, అంటే మోడల్ పైన పరిచే బొమ్మగా, పెట్టండి. మెరుపు ఎక్కువైతే స్కానర్ తికమక పడుతుంది, కొంచెం పౌడర్ అద్దితే సరిపోతుంది. అంగడిలో కొన్న టెక్స్చర్లలో ఉలి దెబ్బ ఇంత నిజంగా ఉండదు. మూడు పనులూ ఒక చోట కలవాలనుకుంటే ఇలా కలపండి, బలవంతంగా కాదు.

చివరికి సుత్తి. మూడింటిలో దీన్ని వేరుగా పెట్టమంటాను. దీన్నుంచి డబ్బు రావాలని, పోర్ట్‌ఫోలియోలోకి రావాలని, ఎవరికైనా చూపించాలని అనుకోకండి. వారానికి రెండు గంటలు. ఇది మీ చేతికి తిండి.

చప్పుడు గొడవకు దారి ఉంది. దాగలిని (రేకు పెట్టి కొట్టే ఇనుప దిమ్మను) నేల మీద నేరుగా పెట్టకండి. మందం చెక్క మొద్దు మీద పెట్టి, దాని కింద ఇసుక బస్తా వేయండి. కింది ఫ్లాట్‌కి గాలిలోంచి వెళ్లేదానికంటే స్లాబులోంచి దిగే శబ్దమే ఎక్కువ. రేకును లక్క మీద అతికించి చెక్కే నగిషీ పని పెద్దగా మోగదు, దాన్ని ఇంట్లో పెట్టుకోండి. గిన్నె లోతు తీయడం లాంటి గట్టి దెబ్బల పని బయట చేయండి. రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ అనే వర్క్‌షాపులో లోహం పనికి యంత్రాలు, బల్లలు ఉన్నాయి. వాడుకునే పద్ధతి ఏమిటో వెళ్లి కనుక్కోండి. కింది వాళ్లింటికి కూడా ఒకసారి వెళ్లి, ఆదివారం పది నుంచి పన్నెండు దాకానే కొడతానని చెప్పి రండి. వేళ తెలిసిన చప్పుడును జనం ఓర్చుకుంటారు.

రాగితో ఇంకొన్నాళ్లు గడపండి, ఇత్తడి కంటే మెత్తన, తప్పు చేసినా మన్నిస్తుంది. మీ రేకు అంచు దగ్గర చీలుతోందా? చీలుతుంటే లోపం మీ చేతిది కాదు. కొట్టిన కొద్దీ లోహం బిగుసుకుపోతుంది, ఇంకా కొడితే పగులుతుంది. మధ్యమధ్య వేడి చేసి మెత్తబరచాలి. ఇది వెలుతురు తక్కువ ఉన్నచోట చేయాలి, ఎండలో వేడి రంగు కంటికి ఆనదు. చీకట్లో సరిగ్గా కనిపించీ కనిపించనట్టు మసక ఎరుపు రాగానే మంట తీసేయాలి. రాగిని అలాగే నీళ్లలో ముంచవచ్చు. ఇత్తడిని ఆ ఎరుపు పోయేదాకా ఆగి ముంచండి. ఆ ఎరుపు దాటి నారింజ వైపు వెళ్లనివ్వకండి, ఇత్తడి ఉన్నట్టుండి కూలుతుంది.

ఇప్పుడు నిజంగా భయపడాల్సిన సంగతి. ఇత్తడిలో జింకు ఉంటుంది. మరీ వేడెక్కితే ఆ జింకు తెల్లటి పొగై లేస్తుంది. జింకు పూత ఉన్న ఇనుప రేకులతో ఇది ఇంకా ప్రమాదం, వాటిని మంటలో పెట్టనే పెట్టకండి. ఆ పొగ పీలిస్తే అప్పటికి ఏమీ తెలియదు, కొన్ని గంటలు పోయాక చలి, జ్వరం, దగ్గు. పాలు తాగితే, బెల్లం తింటే పోతుందనే మాట నమ్మకండి. గాలి ఆడాలి, అంతే. ఇంకా ఒకటి అడుగుతాను. కవచాలు అంటించే జిగురు డబ్బా, రేకు వేడి చేసే బ్లో టార్చ్, రెండూ మీ ఇంట్లో ఒకే బాల్కనీలో ఉన్నాయా? ఉంటే ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు డబ్బాను వేరే గదిలో పెట్టి రండి. ఆ జిగురు ఆవిరికి నిప్పు అందుకుంటే క్షణం పట్టదు. జిగురు వాడిన రోజు మంట వద్దు. గుడ్డ మాస్కు ఆ ఆవిరిని ఆపదు, రసాయనాల ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కొనండి. డ్రిల్లు, పాలిషింగ్ చక్రం దగ్గర చున్నీ, వదులు జుట్టు, చేతి గ్లౌజులు ఉండకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి.

ఇవన్నీ మీ కోసం ఎంత రాశానో మీ అమ్మగారి కోసం అంత రాశాను.

ఆవిడ మాటను మీరు అడ్డుపడటంగా తీసుకున్నట్టు కనిపిస్తోంది. నాకు అలా వినపడలేదు. "మా నాన్న చేతిలోంచి సుత్తి దింపడానికే" అన్న మాట ఊరికే రాదు. స్టీలు గిన్నెలు ఇంటింటికీ వచ్చాక ఇత్తడి పనివాళ్ల ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో ఆవిడ చూసి ఉంటారు. కొలిమి పొగ, దగ్గు, సంతలో పాత సామాను కింద తూకానికి పోయిన వస్తువులు, అప్పు. మీకు సుత్తి ఆదివారం హాయి. ఆవిడ వాళ్ల నాన్నకు అది అప్పుల వాళ్లు గుమ్మంలో ఉన్నా దింపలేని పని. రెండూ ఒకే చప్పుడు చేస్తాయి. ఆవిడకు తేడా ఎలా తెలుస్తుంది, మీరు చెప్పనిదే? "నాకు ఇష్టం" అంటే చాలదు. జీతం వస్తోందని, ఉద్యోగం మానడం లేదని చెప్పండి. దాచిన డబ్బు పాస్‌బుక్ చూపించండి. మాస్కు కొని ఆవిడ కళ్ల ముందే పెట్టుకోండి. కిటికీ తెరిచి ఫ్యాను పెట్టిన చోట కూర్చోబెట్టి, ఒకసారి మీ పని చూడమనండి.

ఇంకో సంగతి కూడా ఉంది. కొలిమి ఉన్న ఇంట్లో పిల్లలు ఊరికే కూర్చోరు. తిత్తి ఊదడం, బొగ్గులు అందించడం, తయారైన గిన్నెను చింతపండుతో తోమడం వాళ్ల పనే. మీ అమ్మగారికి ఆ పని చాలా తెలిసి ఉంటుంది, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. మీరు వీడియోల్లో వెతుక్కుంటున్న కొన్ని సంగతులు బహుశా మీ వంటింట్లోనే ఉన్నాయి.

ఈ ఆదివారం రాగి రేకు వేడి చేసేటప్పుడు లైటు ఆర్పి ఆవిణ్ణి పిలవండి. రేకు ఏ రంగుకు వచ్చాక తాతయ్య మంటలోంచి తీసేవారో అడగండి. ఆవిడ "ఇప్పుడు" అనేదాకా ఆగండి.